వార్ధక్యంలో నడక – మేధాశక్తి

"ఇంత వయస్సు వచ్చాక పనులెందుకు? కృష్ణా రామా అనుకుంటూ ఒకచోట కూర్చోరాదా!" అని పెద్దలను ఆప్యాయంగా మందలించటం తెలుగువారి ఇళ్లలో పరిపాటి. ఆ మాటలో ప్రేమ ఉన్నది. కాని ఆ ప్రేమ కోరే నిశ్చలత పెద్దలకు ఎంతవరకు హితమన్నది ఆలోచించవలసిన విషయం. కదలిక తగ్గితే కీళ్లు బిగుసుకుంటాయని అందరూ ఎరుగుదురు. జ్ఞాపకశక్తి కూడా మందగిస్తుందా?

మానవుని శరీరభారంలో మెదడు వంతు సుమారు 2 శాతమే. అయినప్పటికీ విశ్రాంతి వేళ శరీరం వినియోగించే ప్రాణవాయువులో దాదాపు ఐదవ వంతు దానికే చెల్లుతుంది. గుండె, రక్తనాళాలు చురుకుగా ఉండటం ఆలోచనకు ఎందుకు అవసరమో దీనివల్ల తేటపడుతుంది. మెదడు లోపలి భాగంలో హిప్పోకాంపస్ అనే అవయవం ఉన్నది. సముద్రపు గుర్రం అనే చేప వంటి ఆకారాన్ని బట్టి దానికా పేరు వచ్చింది. కొత్త విషయాలను జ్ఞాపకంగా మలచటం, దారులను గుర్తుంచుకోవటం దాని ముఖ్యమైన పనులు. వార్ధక్యంలో అది ఏటా 1 నుండి 2 శాతం వరకు కుంచించుకుపోతుంది.

ఈ క్షీణత అనివార్యమా? అమెరికాలో కిర్క్ ఎరిక్సన్, ఆర్థర్ క్రేమర్ మొదలైన పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 2011లో ఫలితాలను ప్రకటించారు. అందులో పాల్గొన్న 120 మంది వృద్ధులు అంతవరకు వ్యాయామం అలవాటు లేనివారు. వారిలో సగం మంది వారానికి మూడు రోజులు నడిచారు. మొదట 10 నిమిషాలే. వారం వారం 5 నిమిషాలు పెంచుతూ ఏడవ వారానికి 40 నిమిషాలకు చేరారు. తక్కినవారు కండరాలను సాగదీసే తేలికపాటి కసరత్తులు చేశారు. ఏడాది గడిచేసరికి నడిచినవారి హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. తక్కినవారిలో సుమారు 1.4 శాతం తగ్గింది.

అయితే ఇక్కడ తొందరపడరాదు. జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు వర్గాలవారూ మెరుగుపడ్డారు. వారి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. నడిచినవారిలో మాత్రం హిప్పోకాంపస్ ఎక్కువగా పెరిగినవారికి జ్ఞాపకం కూడా ఎక్కువగా మెరుగుపడింది. 70 నుండి 89 ఏళ్ల వయస్సుగల 1,635 మందిపై రెండేళ్లపాటు జరిపిన మరొక ప్రయోగం 2015లో వెలువడింది. వ్యాయామం చేసినవారికి, ఆరోగ్యోపన్యాసాలు విన్నవారికి మధ్య మేధాశక్తిలో మొత్తం మీద భేదం కనిపించలేదు. 80 ఏళ్లు దాటినవారిలోను, మొదట శరీరపటుత్వం తక్కువగా ఉన్నవారిలోను మాత్రం పనిని ఆలోచించి నడిపించుకునే నేర్పులో కొంత మేలు కనిపించింది. మొదటి ప్రయోగానికి దక్కినంత ప్రచారం ఇటువంటి వాటికి దక్కకపోవటం సహజమే!

వ్యాయామం ఎంత చేయాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని, ఊపిరి నోటివరకు రావటం ఆ సగానికి గుర్తని సుశ్రుతసంహిత చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచించింది. 65 ఏళ్లు దాటినవారు వారంలో మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు చేయాలని కూడా చెప్పింది. ఈ రెండవ సూచనను మన ఇళ్లలో పట్టించుకునేవారు అరుదు. పడిపోతారన్న భయంతో కూర్చోబెట్టిన పెద్దల కాళ్లు క్రమంగా బలాన్ని కోల్పోతాయి. అప్పుడు పడిపోయే ప్రమాదం మరింత పెరుగుతుంది.