ఎడారి నడకకు నీటి లెక్క

మీ వూరికీ పొరుగూరికీ దూరం ఎంత అని ఎవరైనా అడిగితే కిలోమీటర్లలో చెబుతారు. బస్సు మీద వెళ్ళేవారైతే గంటల్లో చెబుతారు. ఎడారిలో కాలినడకన వెళ్ళేవారు మాత్రం ఆ దూరాన్ని లీటర్లలో కూడా లెక్క కట్టుకోవాలి. ఎందుకో, ఎలాగో చూద్దాం.

అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాలలో కొలరాడో పీఠభూమి మీద హేడ్యూక్ బాట అని ఒకటి వుంది. ఆర్చెస్ జాతీయోద్యానవనం దగ్గర మొదలై, గ్రాండ్ కాన్యన్ మీదుగా, జయాన్ జాతీయోద్యానవనం దాకా సుమారు 1,300 కిలోమీటర్లు సాగుతుంది. పూర్తిగా నడవాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. పేరుకు బాటే గాని, చాలా చోట్ల అడుగుజాడలు గాని గుర్తు రాళ్ళు గాని కనిపించవు. ఇసుక వాగులు, బోడి రాళ్ళు, నిట్టనిలువు గండ్లు - వీటి మధ్య పటం చూసుకుంటూ దారి వెదుక్కోవాలి. గండికోట వద్ద పెన్నానది కోసిన గండిని మీలో కొందరు చూసే వుంటారు. అలాంటి గండినే అక్కడివారు కాన్యన్ అంటారు.

చెమట చేసే పని

మన వంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా వుండాలి. 40 దాటితే వడదెబ్బే. గాలి మనకంటే వేడిగా వున్నప్పుడు ఒంటిని చల్లబరచే సాధనం ఒక్కటే - చెమట ఆవిరి కావడం. వేసవిలో కుండలో నీళ్ళు చల్లబడేదీ ఈ పద్ధతిలోనే.

చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే లీటరు చెమట 580 కిలోకేలరీలు తీసుకుపోతుందన్నమాట. 60 కిలోల మనిషిలో ఆ వేడి అలాగే నిలిచిపోతే, వంటి ఉష్ణోగ్రత 11 డిగ్రీలకు పైగా పెరుగుతుంది! చెమట ఎంత పని చేస్తోందో గమనించారా?

మచిలీపట్నంలో వేసవి మధ్యాహ్నం చొక్కా తడిసి ముద్దవుతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట త్వరగా ఆరదు. ఎడారిలో అలా కాదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చర్మం పొడిగానే వుంటుంది. "నాకు చెమటే పట్టడం లేదు" అని మనిషి మోసపోతాడు. కాని ఎండలో బరువుతో నడిచేవాడు గంటకు లీటరు నీరు పోగొట్టుకోవచ్చు.

అడాల్ఫ్ అనే అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1940 తర్వాతి సంవత్సరాల్లో కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద పరిశీలనలు జరిపారు. వాటి ఫలితాలు 1947లో పుస్తకంగా వచ్చాయి. వారు గ్రహించిన విషయాలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి: ఎండలో పని చేసేవారు దాహమైనప్పుడు తాగినా, పోయిన నీటినంతటినీ వెంటనే పూరించుకోరు. రెండు: నీళ్ళు తాగడం తగ్గించినంత మాత్రాన చెమట ఆగదు. పొదుపు చేశామనుకుని సీసా నింపి వుంచుకుని, ఒంట్లో నీరు తక్కువై పడిపోవచ్చు. కనుక పొదుపు చేయవలసింది సీసాలోని నీటిని కాదు, చెమటను. అంటే తెల్లవారుజామున, సాయంత్రం నడవాలి. నడి మధ్యాహ్నం నీడలో వుండాలి. ఒళ్ళంతా కప్పే వదులు బట్టలు, అంచు వెడల్పున్న టోపీ ధరించాలి.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఏమీ తినకుండా వట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి, అదీ ప్రాణం మీదకు తెస్తుంది. అందుచేత నీటితోపాటు ఉప్పు వున్న తిండి కూడా తింటూ వుండాలి.

ఇప్పుడు లెక్క

క, చ, ట అనే మూడు నీటి ఊటలు వున్నాయనుకుందాం. క నుంచి చ 24 కి.మీ., చ నుంచి ట మరో 24 కి.మీ. ఇసుకలో గంటకు 3 కి.మీ. చొప్పున రోజుకు 8 గంటలు నడిస్తే 24 కి.మీ. అవుతుంది. వసంతకాలంలో నడకకు గంటకు అర లీటరు, అంటే 4 లీటర్లు. వంటకు, మిగతా వేళకు 2 లీటర్లు. మొత్తం రోజుకు 6 లీటర్లు. కిలోమీటరుకు పావు లీటరు!

క దగ్గర 6 లీటర్లు నింపుకుని బయలుదేరితే చాలు కదా అనిపిస్తుంది. కాని చ ఎండిపోయి వుంటే? ఆ సంగతి చ చేరాకే తెలుస్తుంది. అప్పటికి సీసాలు ఖాళీ. వెనక్కి వెళ్ళాలన్నా, ముందుకు వెళ్ళాలన్నా నీరు 24 కి.మీ. దూరాన వుంటుంది. 9 లీటర్లు తెచ్చుకున్నా చ దగ్గర మిగిలేది 3. అది 12 కి.మీ. కే సరి. కాబట్టి నమ్మకం లేని ఊటను లెక్కలోంచి కొట్టివేసి, 12 లీటర్లు మోయాలి. చ లో నీరు దొరికితే 6 కిలోలు వృథాగా మోశామని బాధపడనక్కర్లేదు. అది ప్రాణానికి కట్టిన బీమా.

పడక, గుడారం, పాత్రలు 7 కిలోలు, అయిదు రోజుల తిండి 4 కిలోలు అనుకుంటే, వీపు సంచి మొత్తం 23 కిలోలు. కష్టమే గాని మోయగలరు. ఇదే నడక జూలైలో అయితే? నడకకు గంటకు లీటరు, మిగతా వేళకు 3 లీటర్లు. రోజుకు 11, రెండు రోజులకు 22 లీటర్లు. సంచి 33 కిలోలు! బరువు పెరిగితే నడక మందగిస్తుంది. నడక మందగిస్తే ఎండలో వుండే గంటలు పెరుగుతాయి. గంటలు పెరిగితే ఇంకా నీరు కావాలి. జూలైలో ఆ దారికి ఎవరూ తలుపు వేయనక్కర్లేదు, లెక్కే తలుపు వేస్తుంది. అందుకే ఎక్కువమంది వసంతంలోనో, శరత్తులోనో నడుస్తారు.

నీరు దొరికినా జాగ్రత్త అవసరం. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని, కరిగివున్న లవణాలు పోవు. పైగా నీరు తగ్గి ఇంకా ఉప్పగా అవుతుంది.

నీరే శత్రువైనప్పుడు

ఎడారిలో వరద కూడా వస్తుంది. బోడి రాయి నీటిని పీల్చుకోదు. పడిన వాన పడినట్టే గండిలోకి దూకుతుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు గండిలో హఠాత్తుగా వరద వచ్చి 11 మంది పర్యాటకులు చనిపోయారు. పెద్ద వాన కురిసింది అక్కడ కాదు, కొన్ని కిలోమీటర్ల ఎగువన. కనుక ఇరుకు గండిలో దిగేముందు నెత్తి మీది ఆకాశాన్ని చూస్తే చాలదు. ఎగువ ప్రాంతమంతటికీ వాతావరణ సూచన తెలుసుకోవాలి. వాగు ఇసుకలో పడక వేయకూడదు.

ఈ రోజుల్లో ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడున్నామో తెలిపే జి.పి.ఎస్. పరికరాలు వున్నాయి. కాని లోతైన గండిలో గోడలు ఆకాశాన్ని కప్పివేస్తే సంకేతాలు సరిగా అందవు. బ్యాటరీ కూడా అయిపోవచ్చు. అందుచేత కాగితం పటం, దిక్సూచి వుండాలి. ఏ దారిన వెళ్తున్నదీ, ఏ రోజుకు తిరిగి వచ్చేదీ ఇంటివద్ద ఒకరికి రాసి ఇవ్వాలి.

మరొక మాట. అక్కడి నేల మీద నల్లని పెళుసు పొర కనిపిస్తుంది. అది వట్టి మట్టి కాదు. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను గాలికి ఎగిరిపోకుండా పట్టివుంచే సజీవమైన పొర. ఒక్క అడుగుతో నలిగిపోతుంది. మళ్ళీ ఏర్పడడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. కనుక రాతి మీద, వాగు ఇసుకలో నడవడమే మర్యాద.

చేసి చూడండి

1. రెండు ఉష్ణమాపకాలు తీసుకోండి. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టండి. రెండింటినీ నీడలో, గాలి తగిలే చోట వేలాడదీయండి. పావుగంట తర్వాత తేడా ఎంత? వాన రోజున మళ్ళీ చూడండి. తేడా ఎందుకు తగ్గింది?

2. పై లెక్కలో చ నుంచి ట కు దూరం 36 కి.మీ. అనుకోండి. వసంతకాలంలో క దగ్గర ఎన్ని లీటర్లు నింపుకోవాలి? అంత మోయడం కంటే, చ ఎండిపోయి వుంటే క కు వెనుదిరగడం మేలా?