మీ వీధి జోనింగ్ మారుతోందా? సిడ్నీ శివారు ద పాండ్స్‌లో ఇల్లున్నవాళ్లు చేయాల్సిన పనులు

పెరట్లో అమ్మానాన్నలకి చిన్న ఇల్లు కట్టాలనుకునేవాళ్లకీ, ఉన్న స్థలంలోనే రెండిళ్లు వేయాలనుకునేవాళ్లకీ, పక్కింటివాళ్లు అలా వేస్తే కార్లెక్కడ పెడతారని బెంగపడేవాళ్లకీ మొదటి పని ఒకటే: మీ స్థలం ఏ జోన్‌లో ఉందో చూసుకోవడం.

న్యూ సౌత్ వేల్స్ ప్లానింగ్ పోర్టల్‌లో స్పేషియల్ వ్యూయర్ ఉంది. అందులో మీ అడ్రసు కొట్టండి. ఆర్2 అని వస్తే విడి ఇళ్ల ప్రాంతం. ఆర్3 అయితే టౌన్‌హౌస్‌ల స్థాయి, ఆర్4 అయితే పెద్ద అపార్ట్‌మెంట్లు. ఎత్తు పరిమితి కూడా అక్కడే కనిపిస్తుంది. ఆ మ్యాపుతోనే ఆగకండి. ఇల్లు కొన్నప్పటి కాంట్రాక్టుతో సెక్షన్ 10.7 ప్లానింగ్ సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు. అది పాతబడి ఉంటుంది కాబట్టి బ్లాక్‌టౌన్ కౌన్సిల్‌లో ఫీజు కట్టి కొత్తది తీసుకోండి. వరద, కార్చిచ్చు ముప్పు ఉన్న నేలా కాదా అన్నది అందులో తెలుస్తుంది. డెవలపర్ పెట్టిన షరతులు టైటిల్‌కి జత చేసిన 88బి పత్రంలో ఉంటాయి. అదీ చదవండి.

రెండో పని, రాష్ట్రం ఇప్పటికే ఏం మార్చిందో తెలుసుకోవడం. 2024 జూలై 1 నుంచి ఆర్2 జోన్లలో డ్యూయల్ ఆక్యుపెన్సీకి, అంటే ఒకే స్థలంలో రెండిళ్లకి, రాష్ట్రమంతటా దారి తెరిచారు. 2025 ఫిబ్రవరి 28 నుంచి, ఎంపిక చేసిన 171 టౌన్ సెంటర్లు, స్టేషన్ల చుట్టూ 800 మీటర్లలో టౌన్‌హౌస్‌లు, చిన్న అపార్ట్‌మెంట్లు కూడా కట్టుకోవచ్చు. రెండింటికీ మినహాయింపులున్నాయి. మీ ప్లాటుకి వర్తిస్తుందో లేదో కౌన్సిల్ ప్లానింగ్ విభాగాన్నే అడగండి, బిల్డర్ మాట మీద నమ్మకం పెట్టుకోకండి. గ్రానీ ఫ్లాట్‌కి, అంటే పెరట్లో వేసే చిన్న ఇంటికి, మామూలు పరిమితి 60 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 645 చదరపు అడుగులు. స్థలం కనీసం 450 చదరపు మీటర్లు (దాదాపు 538 గజాలు) ఉండి, మిగతా కొలతలూ సరిపోతే, ప్రైవేటు సర్టిఫయర్ దగ్గరే త్వరగా అనుమతి దొరుకుతుంది. దాన్ని అద్దెకివ్వచ్చు కానీ విడదీసి అమ్మడం కుదరదు.

ఇక అసలు పని, కౌన్సిల్‌కి మీ అభిప్రాయం రాయడం. కౌన్సిల్ జోనింగ్ మార్చాలంటే ముందు ప్లానింగ్ ప్రపోజల్ తయారుచేస్తుంది. దానికి గేట్‌వే అనుమతి, అంటే ముందుకెళ్లొచ్చన్న మొదటి అనుమతి, వచ్చాక ప్రజల ముందు పెడుతుంది. అభిప్రాయాలు రాయడానికి గడువు సాధారణంగా 28 రోజులు. హైదరాబాద్‌లో 2012 నాటి జీవో 168 రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు తేల్చేస్తుంది. పక్కన అయిదంతస్తులు లేస్తుంటే మనల్ని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతున్నారు. అయినా మనవాళ్లు రాయరు. నాకు బాధ కలిగించేది అదే.

రాసేటప్పుడు ప్రపోజల్ నంబరు, మీ వీధి పేరు ముందు పెట్టండి. "మాకు ఇష్టం లేదు" అంటే అధికారికి పట్టుకోవడానికేమీ ఉండదు. సాయంత్రం ఏడింటికి మీ వీధిలో ఎన్ని కార్లు ఆగి ఉంటాయో లెక్కపెట్టి రాయండి. వాననీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఫొటో తీయండి. సమర్థిస్తున్నా అంతే: మెట్లెక్కలేని తల్లికి కింది అంతస్తు గది కావాలనో, పెళ్లైన కొడుకు ఈ ధరల్లో ఇక్కడ ఇల్లు కొనలేకపోతున్నాడనో సూటిగా చెప్పండి. నేనైతే ఎక్కువ ఇళ్ల పక్షమే. మన పిల్లలకి చదువు చెప్పే టీచరు గంటన్నర దూరం నుంచి రావలసిన ఊరు బాగుపడదు. కానీ కాలువలు, బస్సులు, బడి సీట్లు కూడా అడిగి తీరాలి. ఇళ్లు లేచాక అడిగితే ఆలస్యమైపోతుంది.

ఇంగ్లీషు ఇబ్బందైన పెద్దవాళ్లు 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు.

కౌన్సిల్ ఓటుతోనే నిబంధన మారిపోదు. రాష్ట్ర చట్టాల వెబ్‌సైట్‌లో ప్రచురించాకే అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా ఏ బిల్డర్‌కీ అడ్వాన్సు ఇవ్వకండి.