కదలని జీవనం – పురుష సంతానశక్తి

పెండ్లయి నాలుగేండ్లు గడచినా కడుపు పండకపోతే మన సమాజం తొలుత కోడలినే వేలెత్తి చూపుతుంది. ‘గొడ్రాలు’ అన్న నింద ఆమెకే గాని భర్తను తాకదు. కాని సంతానలేమితో బాధపడే దంపతులలో ఇంచుమించు సగం మంది విషయంలో పురుషుని లోపం కూడా ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఆ లోపానికి కారణాలనేకం. వాటిలో మనం అంతగా పట్టించుకోనిది గంటల తరబడి కూర్చుండిపోయే అలవాటు. వీర్యకణాలు తయారయ్యే వృషణాలకు దేహోష్ణం కంటె 2 నుండి 4 డిగ్రీల చల్లదనం అవసరం. అందుకే ప్రకృతి వాటిని శరీరానికి వెలుపల అమర్చింది. తొడలు దగ్గరగా చేర్చి కదలక కూర్చుంటే గాలి ఆడక ఆ చల్లదనం పోతుంది. ఒడిలో లాప్‌టాప్ పెట్టుకొని గంటసేపు కూర్చున్న పురుషులలో ఆ వేడి 2.5 డిగ్రీలకు పైగా పెరిగినట్లు 2005లో న్యూయార్క్ వైద్యులు కొలిచి చూపారు.

2013లో వెలువడిన మరొక అమెరికా పరిశోధన 18 నుండి 22 ఏండ్ల వయసు గల 189 మంది యువకులను పరిశీలించింది. వారానికి 20 గంటలకు మించి టెలివిజన్ చూచేవారి వీర్యకణ సాంద్రత, అసలు చూడనివారి కంటె 44 శాతం తక్కువగా ఉన్నది. వారానికి 15 గంటలకు తగ్గకుండా వ్యాయామం చేసేవారిలో, 5 గంటలైనా చేయనివారి కంటె 73 శాతం అధికంగా ఉన్నది. ఇంతమాత్రాన టీవీ చూచినవానికి బిడ్డలు కలుగరని కాదు. సంబంధం కనిపించిందే గాని కార్యకారణం రుజువు కాలేదు.

వీర్యకణం రూపొందడానికి సుమారు 70 రోజులు పడుతుంది. కనుక అలవాటు మార్చుకొన్న ఫలితం తెలియాలంటే మూడు నెలలైనా ఆగాలి. వీర్యపరీక్ష సులువైనది, నొప్పి లేనిది. అయినా కోడలిని పది ఆసుపత్రులు తిప్పిన తరువాతనే కొడుకును ఆ పరీక్షకు పంపే ఇండ్లు నేటికీ ఉన్నాయి.