“జ్ఞా” యను నక్షరము చేసిన తప్పేమి?

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగులిపిలోని యొక యక్షరమునకు దేశదేశముల నపకీర్తి కలిగెను. “జ్ఞా” యను నక్షరము సందేశములో వచ్చినంతనే, ఆపిల్ కంపెనీవారి ఐఫోనులలో దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. సందేశము వచ్చినదని తెలుపు ప్రకటనలో నా యక్షరము కనబడినచో, ఫోనుయొక్క ముఖ్యమైన తెరను నడపు ప్రోగ్రామే పడిపోవుచుండెను. తెలుగక్షరము ఫోనులను కూల్చుచున్నదని పత్రికలు ప్రకటించెను. కొందఱు చిలిపివాండ్రు దానినే యితరులకు పంపి వినోదించిరి. జ్ఞానమను మాటకును, జ్ఞాపకమను మాటకును మొదట నిలుచు నక్షరమే యంత్రముయొక్క జ్ఞాపకమును చెఱచినదనుట వింతగదా! ఆ యక్షరము నిజముగా తప్పు చేసెనా, దోషమెక్కడ నున్నది, అది యెట్లు సవరింపబడెను అను విషయములను ఈ పాఠమున విచారింతము.

మొదట యంత్రముయొక్క జ్ఞాపకమనగా నేమో తెలిసికొనవలెను. అది వరుసగా సంఖ్యలు వేసిన చిన్న గదులవంటిది. ఏ ప్రోగ్రామునకెన్ని గదులీయవలెనో, పని ముగిసిన పిమ్మట వానిని మఱల నెప్పుడు తీసికొనవలెనో నిర్ణయించునది ఆపరేటింగు సిస్టములోని కెర్నెలు. కెర్నెలనగా గింజలోని పప్పు. ఒక ప్రోగ్రాము తనకీయని గదిలో చేయి పెట్టినచో కెర్నెలు దానిని తక్షణమే నిలిపివేయును. మనము క్రాషని విసుగుకొనుచున్నది తఱచుగా నిదియే. ఇతర ప్రోగ్రాముల సొత్తు చెడకుండుటకై యది యొక రక్షణ. కెర్నెలే తప్పు చేసినచో దానిపై నధికారి లేడు గనుక యంత్రమంతయు నిలిచిపోవలసినదే.

ఇట్టి కాపరి యుండగా జ్ఞాపకమెట్లు చెడును? మనకు తెలిసిన రైలుమార్గమునే తలచుకొందము. బెంగుళూరు పోవు బండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మీదుగా పోవును గదా. పెట్టెలను పంచువాడు కెర్నెలు. ఒక్కొక్క పెట్టెలోపల ఆసనములను పంచుకొనుట ఆయా ప్రోగ్రాముల పని. ఒక పెట్టెలో ధర్మవరమువారు నలుగురని 1 మొదలు 4 వఱకును, పెనుకొండవారికి 5 మొదలు 8 వఱకును ఆసనములు విడువబడినవనుకొనుడు. ధర్మవరమున నెవరును లెక్కింపకపోవుటచే నయిదుగురెక్కిరి. అయిదవవాడు 5వ ఆసనమున కూర్చుండెను. వాడు వేఱొక పెట్టెలోనికి పోలేదు గనుక కెర్నెలు వానిని పట్టుకొనలేదు. ధర్మవరమున నేమియు చెడినట్లు తోచలేదు. కలహము పెనుకొండలో పుట్టెను. హిందూపురము చేరునప్పటికి పెట్టెలోని లెక్కలన్నియు తాఱుమాఱాయెను. జ్ఞాపకదోషములను కనుగొనుట కష్టమగుటకు కారణమిదియే: తప్పు జరిగిన చోటొకటి, అది బయటపడు చోటింకొకటి. పెనుకొండవారిని దండించినచో నేమి ప్రయోజనము?

ఇక మన యక్షరము సంగతి. మన కంటికి “జ్ఞా” యొకటియే. యంత్రమునకది సంఖ్యల వరుస. యూనికోడను ప్రమాణమున తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు సంఖ్యలు కేటాయింపబడినవి. అందు జకారమునకు 3100, పొల్లునకు 3149, ఞకారమునకు 3102, దీర్ఘమునకు 3134. ఈ నాలుగును వరుసగా వచ్చిన “జ్ఞా” యగును. సంఖ్యల వరుసలో దీర్ఘము ఞకారము తరువాత వచ్చినను, వ్రాతలో నది జకారమునకే చేరును. ఞకారము వత్తయి క్రిందికి దిగును. కావున అక్షరములను గీయు ప్రోగ్రాము సంఖ్యలను చదివి, రూపములను మార్చి, స్థానములను సర్ది, పిమ్మట చూపవలెను.

అయితే ఫోనులను కూల్చిన “జ్ఞా”లో నయిదవ సంఖ్య యొకటి దాగియుండెను. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ 8204 అను చిహ్నముండెను. దానికి రూపము లేదు, వెడల్పు లేదు. రెండక్షరములు కలిసిపోకుండ నాపుటయే దాని పని. “సాఫ్ట్‌వేరు” అని వ్రాయునప్పుడు వకారము టకారము క్రింద వత్తుగా దిగకుండుట దానివలననే. అది యిట్టి చోటికి వచ్చినప్పుడు అక్షరములను గీయు ప్రోగ్రాము తన జ్ఞాపకమునే చెఱచుకొనుచుండెను. మనము దినదినము వ్రాయు “జ్ఞానము”లో నీ గూఢచిహ్నము లేదు గనుక దానివలన నే హానియు కలుగలేదు.

ఇట్టి దోషమును వెదకు పద్ధతిని ధర్మవరపు నేతగాండ్ర యొద్ద నేర్చుకొనవచ్చును. జకార్డు మగ్గముపై అట్టలలోని రంధ్రములను బట్టి అంచుపై పువ్వు దిగును. ఒక యట్ట తప్పినచో పువ్వు ప్రతిసారి యొకేచోట చెడును. నేతగాడు పట్టును తిట్టడు. చెడిన చోటు నుండి లెక్కించుకొనుచు వెనుకకు పోయి అట్టను పట్టుకొనును. ప్రోగ్రాము సవరించువారును అట్లే తప్పును మఱల మఱల కలిగించి చూతురు. సందేశములో నొక్కొక్క గుర్తును తీసివేయుచు, ఏది మిగిలినంతవఱకు యంత్రము కూలునో తెలిసికొందురు. ఆ రీతిగా పరిశోధించినవారు మఱికొన్ని తెలుగు హల్లుల కూర్పులును, బంగాళీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులును ఇట్లే కూల్చునని కనుగొనిరి. “జ్ఞా”ను మాత్రము నిషేధించియున్నచో దోషము చెక్కుచెదరక నిలిచియుండెడిది.

2018 ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్‌వారు ఐఓఎస్ 11.2.6 అను సవరణను వెలువరించిరి. దోషము కోర్‌టెక్స్ట్ అను భాగమున నున్నదనియు, దానివలన హీపను జ్ఞాపకభాగము చెడుచుండెననియు, లోనికి వచ్చు అక్షరములను మఱింత చక్కగా పరీక్షించుటచే దానిని తొలగించితిమనియు ప్రకటించిరి. అనగా ధర్మవరమున బండి యెక్కకముందే తలలు లెక్కించు నేర్పాటు చేసిరన్నమాట. అక్షరములను గీయు నా భాగమును పెక్కు ప్రోగ్రాములు వాడుకొనును గనుకనే తొలుత నన్నియు నొక్కసారి కూలెను. ఆ యొక్కచోట సవరింపగానే యన్నియు లేచి నిలిచెను.

కావున తప్పు అక్షరముది కాదు. ఆ యక్షరమెన్ని విధముల రాగలదో యంత్రము పూర్తిగా నేర్చుకొనలేదు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్లు, లోకము కొన్నిదినములు మన లిపిని నిందించెను.

ఉపాధ్యాయులమైన మాకీ పాఠము మఱియొక విధముగా తగులుచున్నది. హిందూపురపు ప్రాంతమున కన్నడము మాటలాడు నిండ్లనుండి వచ్చిన బాలుడు తెలుగు వ్రాతలో తడబడినప్పుడు, బుద్ధి మందమని మేమెన్నిమాఱులు తలంచియుంటిమో! వాడు ఎక్కడనుండి వచ్చుచున్నాడో ముందుగా విచారింపని పాఠమే యచ్చట తప్పినది. తప్పు బయటపడిన చోట బాలుడున్నాడు; తప్పు పుట్టిన చోట మేమున్నాము.

విద్యార్థులారా, మీ లెక్క తప్పినప్పుడు జవాబును మాత్రము చెఱిపివేయకుడు. పంక్తి పంక్తిగా వెనుకకు పోయి చూడుడు. ఇతరుల యంత్రమును కూల్చు నుపాయము తెలిసినప్పుడు దానిని పంచి నవ్వకుడు, సవరింపగలవారికి తెలుపుడు. తల్లిదండ్రులారా, బిడ్డ తడబడినచోట కోపింపకముందు తడబాటెచ్చట పుట్టినదో మాతో కలిసి వెదకుడు. నిందించుటకు క్షణము చాలును. వెదకుటకు ఓర్పు కావలెను. ఆ యోర్పును దేవుడు మనకందఱకును అనుగ్రహించుగాక.