స్పీకరు మార్చే ముందు

బోరు మోటారు కాలితే వచ్చే వాసన రైతు బిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. తీగ మీది వార్నిషు మాడిన ఆ కమురు ముక్కుకు తగిలిందంటే, ఇక నందిగామ వైండింగు షాపు చుట్టూ తిరగడమే. క్రిందటి భోగి రాత్రి మా ఊరి రచ్చబండ దగ్గర అదే వాసన ఒక గిటారు యాంప్లిఫైయరులోంచి వచ్చింది.

మాది జగ్గయ్యపేట, నందిగామల మధ్య ఒక పల్లె. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసినా, మా పెద్దలకు అది నేటికీ కృష్ణా జిల్లా మెట్టే. పండుగ పాటల కోసం హాస్టలు మిత్రుణ్ణి బతిమాలి అతని 30 వాట్ల యాంప్లిఫైయరు తెచ్చాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో అతను కొనుక్కున్నది. మొదటి రాత్రే దాని స్పీకరు పోయింది. మర్నాడు పేటకు పరుగెత్తి, అంతే సైజు కారు స్పీకరు తెచ్చి బిగించాను. 12 అంగుళాలకు 12 అంగుళాలు, స్క్రూలు కూడా సరిపోయాయి. సైన్సు చదువుతున్నవాణ్ణని నలుగురిలో కాస్త గొప్ప కూడా పోయాను. అరగంట మోగిందో లేదో, ఈసారి యాంప్లిఫైయరే మూగబోయింది.

నాన్న ఒకటే అన్నాడు: “మోటారు కొనేటప్పుడు బోల్టులు సరిపోతే చాలట్రా? ఎన్ని హార్సుపవరో, ఎన్ని ఫేజులో అడగవూ?” మిరపకోత కూలీలకని ఉంచిన డబ్బులోంచి రిపేరుకు 2,800 రూపాయలు తీసి ఇచ్చాడు. ఆ డబ్బుతో నేను నేర్చుకున్న పాఠం ఇది.

స్పీకరులో ఉన్నది ఒక అయస్కాంతం, దాని సందులో ఆడే తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన కాగితపు కోను. 1925లో రైస్, కెల్లాగ్ అనే అమెరికా ఇంజనీర్లు వివరించిన పద్ధతే నేటికీ ప్రధానంగా నడుస్తోంది. కొనేముందు నాలుగు సంగతులు అడగాలి.

మొదటిది ఓములు. నేను తప్పిందిక్కడే. యాంప్లిఫైయరు వెనక “కనీసం 8 ఓములు” అని ఉంది. కారు స్పీకర్లు సాధారణంగా 4 ఓములవి. 8 ఓముల మీద 30 వాట్లు రావాలంటే సుమారు 15.5 వోల్టులు కావాలి. అదే వోల్టేజికి అవరోధం సగమైతే కరెంటు రెట్టింపై, 60 వాట్లు లాగబోతుంది. ఆ భారానికి ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోయాయి. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4, శ్రేణిలో కలిపితే 16 అవుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. చదివింది బజారులో గుర్తుకు రాలేదు! మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు 6, 7 దగ్గర చూపుతుంది. అది చూసి కంగారు పడకండి, మీటరు కొలిచేది తీగ నిరోధాన్ని మాత్రమే.

రెండవది వాట్లు. గిటారు శబ్దం గరగరలాడేలా యాంప్లిఫైయరును పూర్తిగా పెంచితే, పైన రాసిన వాట్ల కంటే చాలా ఎక్కువే వస్తుంది. అందుకే 30 వాట్ల దానికి 50, 60 వాట్లు తట్టుకునే స్పీకరు క్షేమం. రెండు స్పీకర్లుంటే భారం పంచుకుంటాయి. ప్రసిద్ధమైన వాక్స్ ఏసీ30లో రెండు 15 వాట్ల సెలెస్షన్ స్పీకర్లను శ్రేణిలో కలిపి 16 ఓములు చేశారు.

మూడవది డెసిబెల్. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిచిన శబ్దం ఇది. 97 డెసిబెల్ స్పీకరు తీసి 100ది పెడితే, యాంప్లిఫైయరు వాట్లు రెట్టింపు చేసినంత పని. చాలామంది దీన్ని అడగనే అడగరు.

నాలుగవది రకం. గిటారు లావు తీగ పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్. గిటారు స్పీకర్లు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తాయి. అది లోపం కాదు, గరగరలోని కీచుదనాన్ని వడగట్టే జల్లెడ. ఇంట్లో పాటలు వినే స్పీకరుకు ఆ జల్లెడ లేదు. అందుకే అందులో గిటారు చెవులు కోస్తుంది.

బిగించేటప్పుడు ప్లగ్గు తీసేయండి. ఒకటిన్నర వోల్టు బ్యాటరీని క్షణం తాకించండి. ప్లస్సుకు ప్లస్సు తగిలితే కోను సాధారణంగా ముందుకు కదులుతుంది. రెండు స్పీకర్లున్నచోట రెండూ ఒకే వైపు కదలాలి, లేకుంటే లావు శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వాల్వు యాంప్లిఫైయరునైతే స్పీకరు లేకుండా ఎన్నడూ పెట్టకండి, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది.

చివరికి నేను కొత్త స్పీకరు కొననే లేదు. అయస్కాంతం, చట్రం బాగుంటే కొత్త కోను, కొత్త చుట్ట వేయించుకోవచ్చని పేటలో ఒక మెకానిక్కు చెప్పాడు. మోటారు రివైండింగు లాంటిదే. పాత స్పీకరును బెజవాడ తీసుకెళ్లి, అవే ఓములకు కోను మార్పించి, మిత్రుడికి అప్పగించాను. అతను ప్లగ్గు పెట్టేముందు అడిగాడు: “ఎన్ని ఓములురా?”

“ఎనిమిది. మీటరు పెట్టి చూసే తెచ్చాను” అన్నాను.