గొప్ప బౌలర్ ఎదురుగా ఉన్నప్పుడు: ఆటలో ఒక లెక్కల పాఠం



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠంలాంటిది రాయమని వార్డెను గారు కబురు చేశారు. మేము ఇక్కడే ఉండి పదో తరగతి దాకా చదివాం. ఇప్పుడు విశాఖపట్నంలో పి.జి. చదువుతున్నాం. మా మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. మా సబ్జెక్టు స్టాటిస్టిక్స్, అంటే గణాంక శాస్త్రం. ఆ పేరు వినగానే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. అందుకే క్రికెట్ తో మొదలుపెడుతున్నాం.

వరి కోతలయ్యాక మడిలో రబ్బరు బంతితో ఆడేటప్పుడు మన మధ్య ఏటా ఒకటే తగువు: హాస్టల్లో అందరికన్నా మంచి బ్యాట్స్‌మన్ ఎవరు? మా రోజుల్లో గోడ మీద బొగ్గుతో పరుగులు రాసుకునేవాళ్ళం. ఎవరికి ఎక్కువ ఉంటే వాడే గొప్ప. ఆ గోడ మమ్మల్ని మోసం చేసిందని పి.జి.కి వచ్చాక గాని తెలియలేదు.

సగటు దాచిపెట్టే సంగతి

ఒక లెక్క చేద్దాం. ఇద్దరు అబ్బాయిలు చెరి పది ఇన్నింగ్స్ ఆడారు, ప్రతిసారీ అవుటయ్యారు అనుకుందాం. మొదటివాడు ఎనిమిది సార్లు ఆరో తరగతి పిల్లల బౌలింగ్ లో ఆడి, ఒక్కోసారి 48 పరుగులు చేశాడు. రెండుసార్లు మాత్రం పదో తరగతిలో వేగంగా వేసేవాడి బౌలింగ్ ఆడి, ఒక్కోసారి 8 చేశాడు. మొత్తం 400. సగటు 40.

రెండోవాడు మూడుసార్లు చిన్నపిల్లల బౌలింగ్ ఆడి 46 చొప్పున, ఏడుసార్లు ఆ వేగపు బౌలర్ ను ఎదుర్కొని 26 చొప్పున చేశాడు. మొత్తం 320. సగటు 32.

గోడ మీద మొదటివాడే గొప్ప. కాని గట్టి బౌలర్ వచ్చినప్పుడు మొదటివాడిది 8, రెండోవాడిది 26. రేపు పక్క హాస్టల్ తో మ్యాచ్ ఉంటే ముందు ఎవరిని పంపాలి? సగటు అబద్ధం చెప్పదు, కాని అడగని ప్రశ్నకు జవాబు చెప్పదు. మనం అడగవలసిన ప్రశ్న ఇది: ఈ పరుగులు ఎవరి మీద చేసినవి?

గొప్పవాళ్ళు కూడా తగ్గుతారు

ఇదే ప్రశ్న ప్రపంచంలోని గొప్ప బ్యాట్స్‌మెన్ గురించి అడుగుదాం. ఆస్ట్రేలియాకు చెందిన డాన్ బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 6,996 పరుగులు చేశాడు. సగటు 99.94. దాని దరిదాపులకు వచ్చినవారు లేరు. కాని 1932-33లో ఇంగ్లండ్ జట్టు, మెరుపు వేగంతో బంతి వేసే హెరాల్డ్ లార్వుడ్ ను వెంటబెట్టుకొని ఆస్ట్రేలియా వెళ్ళింది. ఒంటి మీదకు బంతులు వేసి, లెగ్ సైడ్ ఫీల్డర్లను మోహరించింది. దానినే బాడీలైన్ సిరీస్ అంటారు. లార్వుడ్ 33 వికెట్లు తీశాడు. ఆ సిరీస్ లో బ్రాడ్‌మన్ ఆడిన నాలుగు టెస్టుల్లో 396 పరుగులే వచ్చాయి. సగటు 56.57. అంటే దాదాపు సగానికి పడిపోయింది.

అప్పుడు ఆయన ఓడిపోయినట్లా? కాదు. ఆ సిరీస్ లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మెన్ అందరిలోకీ అదే ఎక్కువ సగటు. మేము చెప్పదలచుకున్న మొదటి సూత్రం ఇదే. గొప్ప బౌలర్ ఎదురైతే అందరి సగటూ తగ్గుతుంది. తగ్గనివాడు కాదు, తక్కువగా తగ్గేవాడే గొప్పవాడు.

మన లక్ష్మణ్ లెక్క

ఇప్పుడు మన హైదరాబాదు బ్యాట్స్‌మన్ వి.వి.ఎస్. లక్ష్మణ్ సంగతి చూద్దాం. 134 టెస్టుల్లో 8,781 పరుగులు, సగటు 45.97. అదే ఆస్ట్రేలియా మీద 29 టెస్టుల్లో 2,434 పరుగులు, సగటు 49.67. ఆయన ఆడిన కాలంలో చాలా ఏళ్ళు ఆస్ట్రేలియాయే అందరికన్నా బలమైన జట్టు. బలమైన జట్టు మీద సగటు తగ్గకపోగా పెరిగింది! మరి మన సూత్రం తప్పా?

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్ లో జరిగిన టెస్టు మీరు విని ఉంటారు. అప్పటికి మేము పుట్టలేదు. తర్వాత సెల్‌ఫోనులో చూశాం. ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మొదటి ఇన్నింగ్స్ లో వాళ్ళు 445, మనవాళ్ళు 171. అందులో లక్ష్మణ్ వి 59. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. ఆరో స్థానంలో ఆడిన లక్ష్మణ్ ను రెండో ఇన్నింగ్స్ లో మూడో స్థానంలో పంపారు. 452 బంతుల్లో 44 ఫోర్లతో 281 చేశాడు. రాహుల్ ద్రావిడ్ 180. నాలుగో రోజంతా ఇద్దరిలో ఎవరూ అవుట్ కాలేదు. ఆ ఒక్కరోజే 335 పరుగులు వచ్చాయి. 657 పరుగులకు డిక్లేర్ చేసి, హర్భజన్ సింగ్ బౌలింగ్ తో చివరి రోజు 171 పరుగుల తేడాతో గెలిచారు.

ఇక బౌలర్ల వైపు చూద్దాం. షేన్ వార్న్ తన జీవితంలో 708 టెస్టు వికెట్లు తీశాడు, ఒక్కో వికెట్ కు 25.41 పరుగులు ఇచ్చాడు. ఆ ఇన్నింగ్స్ లో 34 ఓవర్లు వేసి 152 పరుగులిచ్చి ఒకే వికెట్ తీశాడు. గ్లెన్ మెగ్రాత్ మాత్రం 39 ఓవర్లలో 103 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీశాడు. లక్ష్మణ్ ను చివరికి అవుట్ చేసింది కూడా మెగ్రాతే. అంటే ఇద్దరు గొప్ప బౌలర్లతో ఒకే రకంగా ఆడలేదు. వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద బంతి వేస్తే, లక్ష్మణ్ ముందుకొచ్చి కవర్స్ లోకి, లేదా మిడ్ వికెట్ వైపు కొట్టాడు. మెగ్రాత్ బంతులను గౌరవించారు. 39లో 12 ఓవర్లు పరుగే రాలేదు.

దేశం పేరు కాదు, బౌలర్ పేరు చూడాలి

49.67 అన్న అంకెను ఇంకొంచెం విప్పుదాం. ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ సెంచరీలు ఆరు: 2000 జనవరిలో సిడ్నీలో 167, కలకత్తాలో 281, 2003లో అడిలైడ్ లో 148, 2004లో సిడ్నీలో 178, 2008లో సిడ్నీలో 109, అదే ఏడు ఢిల్లీలో 200 నాటౌట్. వీటిలో వార్న్, మెగ్రాత్ ఇద్దరూ ఎదురుగా ఉన్నవి మొదటి రెండే. 2003-04 సిరీస్ లో వాళ్ళిద్దరూ ఆడలేదు. 2008 నాటికి ఇద్దరూ రిటైరయ్యారు. 2004 అక్టోబరులో ఇద్దరూ కలిసి మన దేశం వచ్చినప్పుడు, మొదటి మూడు టెస్టుల్లో లక్ష్మణ్ కు ఒక్క అర్ధ సెంచరీ కూడా రాలేదు.

కాబట్టి మన సూత్రం తప్పు కాదు. లక్ష్మణ్ గొప్పతనమూ తగ్గదు. సిడ్నీలో 167 చేసిన రోజున జట్టు మొత్తం 261. మిగతా వారిలో ఎక్కువ చేసిన గంగూలీవి 25. గొప్ప బౌలర్ల మీద గెలుపు రోజూ రాదు. వచ్చిన రోజున ఒకటికి పది లెక్క.

ఎలా ఎదుర్కొంటారు?

140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి అర సెకను లోపే మన దగ్గరికి వస్తుంది. బంతిని చివరిదాకా చూసి అప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. 2000లో మైఖేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే శాస్త్రజ్ఞులు ముగ్గురు బ్యాట్స్‌మెన్ కంటిచూపు ఎటు పోతుందో కెమెరాతో గమనించారు. బంతి చెయ్యి వదిలే క్షణం చూసి, తర్వాత అది ఎక్కడ పడుతుందో అక్కడికి చూపు ముందే వెళ్ళి కాచుకుంటుంది. మంచి బ్యాట్స్‌మన్ చూపు ఇంకాస్త ముందు వెళ్తుంది. అంటే గొప్పవాడు తొందరపడి బ్యాటు ఊపడు, తొందరగా ఊహిస్తాడు. ఆ ఊహ తయారీ వల్ల వస్తుంది.

1998లో చెన్నై టెస్టుకు ముందు సచిన్ టెండూల్కర్, మాజీ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద బంతులు వేయించుకొని సాధన చేశాడు. వార్న్ అలాగే వేస్తాడని తెలుసు. అయినా మొదటి ఇన్నింగ్స్ లో వార్న్ బౌలింగ్ లోనే 4 పరుగులకు అవుటయ్యాడు. రెండో ఇన్నింగ్స్ లో 155 నాటౌట్. తయారైనా మొదటిసారి విఫలం కావచ్చు. ఆ తయారీ వృథా కాదు.

అమెరికాలో మన క్రికెట్ లాంటి బేస్‌బాల్ అనే ఆట ఉంది. అక్కడ పదిసార్లలో మూడుసార్లు సరిగా కొట్టినవాడు గొప్ప హిట్టర్. టోనీ గ్విన్ అనే ఆటగాడు జీవితం మొత్తం మీద నూటికి 34 సార్లు కొట్టాడు. గ్రెగ్ మాడక్స్ అనే మేటి బౌలర్ మీద మాత్రం 94 అవకాశాల్లో 39, అంటే నూటికి 41. ఒక్కసారి కూడా మూడు స్ట్రయిక్‌లకు చిక్కి అవుట్ కాలేదు. తన ఆటను వీడియో తీయించి పదేపదే చూసుకునే అలవాటు గ్విన్ ది. అయితే 94 అనేది చిన్న సంఖ్య అని స్టాటిస్టిక్స్ చదివిన మేము హెచ్చరించాలి. కొన్ని రోజులు అదృష్టమూ తోడై ఉండవచ్చు.

మన విశాఖలో చూసింది

2024 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్ తో టెస్టు చూడడానికి మేము నలుగురం విశాఖ స్టేడియానికి వెళ్ళాం. యశస్వి జైస్వాల్ 290 బంతుల్లో 209 చేశాడు. మిగతావాళ్ళలో ఎవరూ 34 దాటలేదు. ఎదుట 41 ఏళ్ళ జేమ్స్ అండర్సన్. ఆ ఏడు జూలైలో రిటైరయ్యేనాటికి 704 టెస్టు వికెట్లు తీసినవాడు.

మన జట్టు 112 ఓవర్లలో 396 చేసింది. అందులో అండర్సన్ 25 ఓవర్లు వేసి 47 ఇచ్చాడు. ఓవరుకు రెండు కూడా లేవు. మిగతా 87 ఓవర్లలో 349 వచ్చాయి. ఓవరుకు నాలుగు. అండర్సన్ వేస్తుంటే జైస్వాల్ బంతులు వదిలేస్తున్నాడని మా పక్కనాయన విసుక్కున్నాడు. మేమూ విసుక్కున్నాం. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక అర్థమైంది, ఆ వదిలేయడమే ఆట అని. మర్నాడు ఆయన అండర్సన్ బంతినే పైకి కొట్టబోయి అవుటయ్యాడు.

ఈ పాఠం మనకెందుకు?

తమ్ముళ్ళారా, ఇదంతా ఆట కోసమే రాయలేదు. మాతోపాటు కొండ దిగి పి.జి.కి వచ్చిన స్నేహితుడు ఒకడున్నాడు. ఇక్కడ లెక్కల్లో ఎప్పుడూ వాడిదే ఫస్టు. అక్కడ పాఠం ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి. ఇక్కడ నూటికి ఎనభై వచ్చేవి, అక్కడ నలభై. "మనకు చదువు రాదురా" అని ఒకరోజు పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు కాఫీ తోట పనికి వెళ్తున్నాడు. ఆ పని తక్కువని మేము అనడం లేదు. మా అందరి ఇళ్ళూ ఆ పనితోనే నడిచాయి. కాని వాడు వెళ్ళిపోయింది తప్పుడు లెక్క చూసి.

వాడి సగటు ఎందుకు పడిపోయిందో మేము ఆరోజు చెప్పలేకపోయాం. ఎనభై ఒక బౌలర్ మీద, నలభై ఇంకో బౌలర్ మీద. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అదే పేపరులో అదే ఇబ్బందితో రాసిన మాకందరికీ మార్కులు తగ్గాయి. మాలో కొందరికి వాడికన్నా తక్కువ వచ్చాయి. ఉండిపోయాం కాబట్టి రెండో సెమిస్టరులో గట్టెక్కాం. వాడు మాకన్నా బాగా ఆడుతూ ఉండగానే బ్యాటు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకే మీకు మూడు మాటలు:

1. గోడ మీద పరుగులు రాసేటప్పుడు, ఎవరి బౌలింగ్ లో చేశారో పక్కన ఇంకో గడిలో రాయండి. మార్కులకూ అంతే.

2. గట్టి పేపరులో ప్రతి ప్రశ్ననూ కొట్టాలని చూడకండి. కష్టమైనది కాసేపు వదలండి, వచ్చినది ముందు రాయండి.

3. మొదటిసారి తగ్గితే మీరు తక్కువవాళ్ళని కాదు, బౌలర్ పెద్దవాడని అర్థం. రెండో ఇన్నింగ్స్ కు ప్యాడ్లు విప్పకండి.

ఈసారి సెలవులకు ఆ స్నేహితుడి ఊరు వెళ్ళి, ఈ కాగితం వాడికీ ఇవ్వాలనుకుంటున్నాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు
(పూర్వ విద్యార్థులు, అరకులోయ)