కంప్యూటర్ పి.జి. చదువుకు ఏమేమి కావాలి?



సోమల, సదుం, చౌడేపల్లె గ్రామాలలో టమాటా పండించుకొని, పాడి ఆవుల మీద ఆధారపడి బ్రతికే కుటుంబాలలో డిగ్రీ దాటి చదవాలనుకొనే పిల్లలు ఎక్కువవుతున్నారు. కంప్యూటర్లో పి.జి. అనే మాట వారి నోట తరచుగా వినిపిస్తుంది. దానికి ఏమి కావాలని అడిగితే, డబ్బు కావాలి, ఇంగ్లీషు కావాలి అంటారు పెద్దలు. ఆ రెండూ కావలసినవే. కాని వాటికంటె ముందు కావలసినది మరొకటి ఉన్నది. ఈ వారం దానిని గురించి తెలుసుకొందాం.

ముందుగా మన రాష్ట్రంలో ఉన్న మూడు దారులను చూద్దాం.

మొదటిది ఎం.సి.ఎ. ఇది పూర్వం మూడేళ్ల చదువు. 2020-21 నుంచి రెండేళ్లయింది. డిగ్రీలో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలవారికి 45 శాతం ఉండాలి. ఇంటర్‌లో గాని డిగ్రీలో గాని గణితం చదివి ఉండాలి. ప్రవేశానికి ఐసెట్ పరీక్ష వ్రాయాలి. రెండున్నర గంటలలో 200 ప్రశ్నలు. అర్హతకు కనీసం 50 మార్కులు రావాలి.

రెండవది ఎం.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్. సాధారణంగా డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ ఒక సబ్జెక్టుగా చదివినవారికి ఇది అందుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలకు 2021 నుంచి ఉమ్మడి పి.జి.సెట్ జరుపుతున్నారు. తిరుపతిలో 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మనకు దగ్గరలో ఉన్నవి.

మూడవది ఎం.టెక్. దీనికి ముఖ్యంగా బి.టెక్. కావాలి. ఐ.ఐ.టి.లకు వెళ్లాలంటే గేట్ పరీక్ష వ్రాయాలి. ఆ స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుంది. ఎం.సి.ఎ. చదివినవారిని కూడా గేట్ స్కోరుతో తీసుకొనే సంస్థలు ఉన్నాయి గనుక, బి.టెక్. చేయలేకపోయిన పేద విద్యార్థికి ఆ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు.

మన విచారణలలోని అనేక కుటుంబాలు ఒక సంగతి గమనించాలి. ఎస్సీల నుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గంగా గుర్తించి, 1 శాతం రిజర్వేషన్ కల్పించారు. ఐసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. బి.సి.-సి వారికి ఆ మినహాయింపు లేదు; 50 మార్కులు తెచ్చుకోవలసిందే. ధ్రువపత్రం కోసం చివరిరోజు దాకా ఆగకుండా ముందే సిద్ధం చేసుకోండి.

ఇక అసలు విషయం. ఈ దారులన్నిటిలో అడుగడుగునా ఎదురయ్యేది గణితం. పదవ తరగతి కాగానే "లెక్కలు కష్టం" అని పిల్లవాడిని సి.ఇ.సి.లో చేర్పిస్తాము. తరువాత బి.కాం. కంప్యూటర్స్ చదువుతాడు. పేరులో కంప్యూటర్ ఉన్నది గనుక ఎం.సి.ఎ.కు సరిపోతుందనుకొంటాము. తీరా 21వ యేట దరఖాస్తు నింపేటప్పుడు గణితం ఏదీ అని అడుగుతారు. 15వ యేట మూసిన తలుపు అప్పుడు కనబడుతుంది. గణితం లేనివారికి బ్రిడ్జి కోర్సు అనే వెసులుబాటు జాతీయ నిబంధనలలో వచ్చింది. అది మనకు వర్తిస్తుందో లేదో ఆ యేటి ప్రకటనలో చూసుకోవాలి. అయినా కొద్ది వారాల బ్రిడ్జి కొన్నేళ్ల చదువుకు సమానం కాజాలదు.

గణితం ఎందుకు అడుగుతారు? కంప్యూటర్ అంతా తర్కం మీద నడుస్తుంది. సెమినరీలో మేము అరిస్టాటిల్ తర్కాన్ని చదివాము. 1854లో జార్జ్ బూల్ అనే ఆంగ్లేయుడు అటువంటి తర్కాన్ని లెక్కల రూపంలో వ్రాశాడు. కరెంటు ఉండాలి, బోరులో నీరు ఉండాలి. రెండూ ఉంటేనే మోటారు నీళ్లు పోస్తుంది. ఒకటి లేకున్నా పోయదు. ఇటువంటి "ఉంది, లేదు"ల కూర్పే కంప్యూటర్ లోపల జరిగే పని.

మరొక ఉదాహరణ. అక్షరక్రమంలో 1,000 పేర్లున్న జాబితాలో ఒక పేరు వెదకాలి. మొదటినుంచి చూస్తూ పోతే 1,000 సార్లు చూడవలసి రావచ్చు. మధ్య పేరు చూసి, అక్కరలేని సగాన్ని ప్రతిసారీ వదిలేస్తూ పోతే 10 సార్లు చాలు. పేర్లు 10 లక్షలైనా 20 సార్లే. ఎందుకు 20? ఆ జవాబు గణితంలో ఉన్నది. మీటలు నొక్కడం ఎవరైనా నేర్పగలరు. ఇటువంటి ఆలోచన నేర్పడం పి.జి. చదువు పని.

ఏమీ అడగని చదువు సంగతి కూడా తెలుసుకోవాలి. అమెరికాలో ఎం.ఎస్.కు సాధారణంగా 30 క్రెడిట్లు పూర్తిచేయాలి. నాలుగేళ్ల డిగ్రీ, ఇంగ్లీషు పరీక్ష, ఖర్చులకు తగిన ఆధారం చూపమంటారు. గణితం, డేటా స్ట్రక్చర్స్ వంటివి ముందే చదివి ఉండాలంటారు. వీటిని తప్పించుకొనే దారి చూపిస్తామనేవారు ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అక్కడి అధికారులు మూయించినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు వీధిన పడ్డారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలో 130 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. వారిలో 129 మంది భారతీయులు. అక్కడ అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. అది ప్రభుత్వ అధికారులే వలగా పెట్టిన బూటకపు సంస్థ. అక్కడ అడిగింది ఫీజు ఒక్కటే. పొలం తాకట్టు పెట్టిన తండ్రికి ఇంతకంటె పెద్ద దెబ్బ ఏముంటుంది?

కనుక అర్హతలను అడ్డుగోడలుగా చూడకండి. అవి పునాదిరాళ్లు. ఏమీ అడగకుండా పట్టా ఇస్తామనే చోట భయపడండి.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించుకోండి:

1. పదవ తరగతి చదువుతున్న మన బిడ్డ గణితానికి నిజంగా భయపడుతున్నాడా, లేక నేర్పేవారు లేక వెనుకబడ్డాడా?

2. డిగ్రీలో చేరబోయే కోర్సులో గణితం ఉన్నదా?

3. ఊరిలో లెక్కలు బాగా వచ్చిన అక్క, అన్న ఎవరైనా సాయంత్రం ఒక గంట నలుగురు పిల్లలకు చెప్పగలరా?

మూడవ ప్రశ్నకు మీ ఊరిలో జవాబు దొరికితే మొదటి ప్రశ్నకు పరిష్కారం కూడా దొరుకుతుంది.